ఎకరం అమ్మితే మంచి బడి వస్తుందా?

సమస్య:

మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లెటూరు. మూడెకరాల మాగాణి ఉంది. సార్వాకు వరి, ఆ తర్వాత మినుము వేస్తాం. మావారు నాగాయలంకలో రొయ్యల మేత దుకాణంలో లెక్కలు చూస్తారు. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. అత్తగారు మాతోనే ఉంటారు. పాప మొన్ననే ఏడో తరగతి పూర్తి చేసింది. బాబు మూడో తరగతి అయిపోయి నాలుగుకు వచ్చాడు.

ఇద్దరినీ అవనిగడ్డలో ఒక ప్రైవేటు బడికి పంపుతున్నాం. పొద్దున్న ఏడింటికే బస్సు ఎక్కాలి, సాయంత్రం చీకటి పడే వేళకు వస్తారు. తల్లికి వందనం డబ్బులు ఫీజులోకే పోతున్నాయి, పైన ఇంకా కట్టాలి. ఇంతా చేస్తే పోయినేడు లెక్కల టీచర్లు ముగ్గురు మారారు. పాపకు లెక్కలంటే భయం పట్టుకుంది.

మా ఆడపడుచు డల్లాస్ దగ్గర ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు, "అన్నయ్యా, మేము ముందు స్కూలు చూసుకుని ఆ తర్వాతే ఇల్లు కొన్నాం. పిల్లలు బాగుపడాలంటే మీరూ అలాగే చేయాలి" అంది. అప్పటి నుంచి మావారికి ఒకటే ధ్యాస. ఒక ఎకరం అమ్మేసి విజయవాడ పక్కన పోరంకిలో ఫ్లాటు కొందామంటారు. ఆయన స్నేహితుడు అక్కడే ఉన్నాడు. నేను పిల్లలతో అక్కడ ఉండాలట, ఆయన శనివారం వచ్చి సోమవారం వెళతారట. నాకేమో గుడివాడ అయితే మేలనిపిస్తుంది, అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు. అత్తగారు మాత్రం "అంతగా వెళ్లాలంటే బందరు చాలదా" అంటారు. మా ఊరికి దగ్గర్లో ప్రభుత్వ హైస్కూలు ఉంది కానీ అందులో వేస్తే చుట్టాల్లో చులకనైపోతాం. జూన్ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఈ మూడు ఊళ్లలో ఎక్కడ మంచి బడులున్నాయి? ఎకరం అమ్మమంటారా?

– ఒక తల్లి, కోడూరు మండలం

సలహా:

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఎకరం అమ్మకండి. ఈ జూన్‌లో ఊరు మారకండి. బాబును ఇంకో రెండేళ్లు కదపవద్దు. పాప విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు, అది ఈ నెలలోనే తేలాలి.

మీ ఆడపడుచు చెప్పింది అబద్ధం కాదు, ఆవిడ ఉన్న చోట అదే నిజం. అమెరికాలో పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్లాలన్నది చాలా చోట్ల ఇంటి అడ్రసును బట్టే ఖాయమవుతుంది. ఆవిడ ఉండే టెక్సాస్‌లో అయితే ఆ బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానికంగా ఇళ్ల మీదా స్థలాల మీదా వేసే పన్ను నుంచి వస్తుంది. కాబట్టి మంచి పేరున్న బడి పరిధిలో ఇల్లు ఖరీదు. ఆ ఇల్లు కొన్నవాళ్లు, ఒక రకంగా, బడిలో సీటు కూడా కొనుక్కున్నట్టే.

మన దగ్గర ఆ లెక్క లేదు. పోరంకిలో ఫ్లాటు కొన్నంత మాత్రాన ఏ బడీ మీ పిల్లలకు సీటు రాసి పెట్టదు. ఆ చుట్టుపక్కల పేరు మోగిపోతున్నవి ప్రైవేటు బడులు. వాటికి కావలసింది ఫీజు, మీ అడ్రసు కాదు. ఇక ప్రభుత్వ బడులంటారా, కోడూరులోనైనా బందరులోనైనా పోరంకిలోనైనా అవే పుస్తకాలు, అదే పదో తరగతి పరీక్ష, అదే డీఎస్సీ గెలిచి వచ్చిన మాస్టార్లు, అవే జీతాలు. విద్యాహక్కు చట్టంలో కిలోమీటరు లోపు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత బడి ఉండాలన్న మాట ప్రభుత్వానికి పెట్టిన బాధ్యత. మీ పాప మూడు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని కాదు.

ఇంకో సంగతి. బడి మంచిదని ఇల్లు కొంటే ఇల్లు ముప్పై ఏళ్లు ఉంటుంది, ఆ బడిని మంచిది చేసిన మనుషులు ఉండరు. 2025 బదిలీల నిబంధనల్లో ఉపాధ్యాయులు ఎనిమిదేళ్లు, హెడ్మాస్టర్లు ఐదేళ్లు నిండితే ఒక చోటు నుంచి కదలవలసిందే. ప్రైవేటులోనైతే ఏడాదికి ముగ్గురు మారడం మీరే చూశారు. ఒక్క పంట బాగా పండిందని చూసి పొలం కొంటామా? ఈ ఏడాది ఫ్లెక్సీ చూసి ఫ్లాటు కొనడమూ అంతే.

ఇప్పుడు బాబు సంగతి. ఊరు మారాలన్న తొందరలో చాలామంది తల్లిదండ్రులకు తట్టని నష్టం ఇక్కడ ఉంది. మన కృష్ణా జిల్లా జవహర్ నవోదయ విద్యాలయం వేలేరులో ఉంది. ఆరో తరగతిలో 80 సీట్లు, ఐదో తరగతిలో ఉండగా రాసే పరీక్షతో ఎంపిక. అందులో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు. గ్రామీణ విద్యార్థి అనిపించుకోవాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె ప్రాంతంలోని గుర్తింపు ఉన్న బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణంలోని బడిలో చదివినా పట్టణ విద్యార్థి కిందే లెక్క. బందరు నగరపాలక సంస్థ, గుడివాడ మునిసిపాలిటీ, పోరంకి ఇప్పుడు తాడిగడప మునిసిపాలిటీలో భాగం. అంటే మీరు అనుకున్న మూడు చోట్లలో ఎక్కడికి వెళ్లినా ఆ అవకాశం పోతుంది. అవనిగడ్డ పంచాయతీయే కాబట్టి, బడికి గుర్తింపు ఉంటే బాబు మూడో తరగతి లెక్కకు వస్తుంది. ఆ గుర్తింపు కాగితం ఒకసారి చూపించమని అడగండి. నవోదయ సీటు వచ్చి తీరుతుందని నేను అనను, చాలామంది పోటీ పడతారు. కానీ పైసా ఖర్చు లేకుండా చేతిలో ఉన్న అవకాశాన్ని ఎకరం అమ్మి మరీ పోగొట్టుకోవడం ఎందుకు?

పాప దగ్గరికి వద్దాం. మీ కుటుంబంలో ఇప్పుడు ఇబ్బంది పడుతున్నది ఆ పిల్ల. మూడేళ్లలో టెన్త్ రాయాలి, లెక్కలంటే భయం, రోజూ బస్సులోనే ఒంట్లో శక్తి అయిపోతోంది. ఊరు మారడం కంటే ముందు ఆమెకు కావలసింది ఏడాది పొడుగునా మారకుండా ఉండే ఒక లెక్కల మాస్టారు. మీ దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో ఆ మాస్టారు ఉండవచ్చు. కనీసం గడప తొక్కి చూశారా?

ఉత్తరాంధ్ర నుంచి, రాయలసీమ నుంచి వచ్చి అవనిగడ్డలో గదులు అద్దెకు తీసుకుని రాత్రీ పగలూ డీఎస్సీకి చదివే కుర్రకారును మీరు ఎన్నేళ్లుగానో చూస్తున్నారు. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు వేశారు, గెలిచినవాళ్లు బడుల్లో చేరారు కూడా. అంత పోటీ దాటి వచ్చినవారు మీ హైస్కూల్లో పాఠం చెబుతుంటే అది చులకన, ఏటా ముగ్గురు మారే చోట ఫీజు కట్టడం గొప్ప! చుట్టాలు ఏమనుకుంటారోనన్న భయానికి నా దగ్గర మందు లేదు కానీ, ఆ చుట్టాలెవరూ మీ ఫీజు కట్టడం లేదని మాత్రం గుర్తు చేస్తాను.

ప్రభుత్వ హైస్కూలులో చదివితే మరో లాభం ఉంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో ప్రవేశం పదో తరగతి మార్కులతోనే. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ఆ మార్కులకు 4 శాతం కలిపి ర్యాంకు చూస్తారు. ఒక్క మార్కు తేడాతో సీట్లు చేజారే చోట అది చిన్న సాయం కాదు. ఇంటర్ కోసమైతే ప్రవేశ పరీక్షతో చేర్చుకునే ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ మన నిమ్మకూరులోనే ఉంది. ఇంగ్లిషు మీడియం గురించి బెంగ వద్దు. ఇప్పుడు ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. లెక్కలంటే భయపడే పిల్లకు అది మేలే.

అలాగని ప్రభుత్వ బడి అన్న బోర్డు చూసి కళ్లు మూసుకుని చేర్చమనడం లేదు. మారుమూల ఊళ్లలో పోస్టులు ఖాళీగా ఉండడమూ నిజమే. మీరిద్దరూ కలిసి బడికి వెళ్లి హెడ్మాస్టరును నేరుగా అడగండి. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు పోస్టులు నిండి ఉన్నాయా? ఆ మాస్టార్లు ఎప్పుడు వచ్చారు, బదిలీకి ఇంకా ఎన్నేళ్లుంది? పోయినసారి టెన్త్ ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు? ప్రైవేటు బడినీ ఇదే అడగండి. ఫ్లెక్సీ మీద అయిదు వందల తొంభై మార్కుల ఫొటోలు ఉంటాయి. పరీక్ష రాసినవాళ్లు మొత్తం ఎందరో, ఆఖరి బెంచీ పిల్లకు ఎన్ని వచ్చాయో దాని మీద ఉండదు. తర్వాత ఆ బడిలో చదివే పిల్ల నోటు పుస్తకం ఒకటి తిప్పి చూడండి. తప్పుల మీద ఎర్ర సిరా పడిందా, పడ్డాక పిల్ల దిద్దుకుందా చూడండి. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపూ నీళ్లూ ఉన్నాయో లేదో కూడా చూడండి. పన్నెండేళ్ల పిల్లకు అది లెక్కల మాస్టారంత ముఖ్యం.

ఇంత చూశాక మీ హైస్కూలులో లెక్కల పోస్టు ఖాళీ అని తేలిందనుకోండి. అప్పుడు అవనిగడ్డ, చల్లపల్లి వైపు హైస్కూళ్లు ఇదే పద్ధతిలో చూడండి. అవీ కుదరకపోతేనే ఊరు మారే మాట.

ఆ రోజు వస్తే మూడింటిలో నా ఓటు బందరుకే, మీ అత్తగారి మాటే ఖాయం. కారణం బడుల కంటే మీ ఆయన. ఆయన బందరు నుంచి అవనిగడ్డ దాటి పనికి వెళ్లి రాత్రికి ఇంటికి రాగలరు. పోరంకి నుంచి అది రోజూ అయ్యే పని కాదు. పైగా చదువుకు బందరు కొత్త ఊరేమీ కాదు. 1843లో నోబుల్ దొర బడి పెట్టిన ఊరు, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టిన ఊరు. ఇప్పుడు కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. పాప ఇంటర్, డిగ్రీ దాకా హాస్టలు లేకుండా ఇంటి అన్నం తిని చదువుకోవచ్చు. అయితే మంగినపూడి దగ్గర పోర్టు పనులు మొదలైనప్పటి నుంచి స్థలాల బేరగాళ్లు జోరు మీద ఉన్నారు. వాళ్ల మాట విని ఊరి చివర ప్లాటు కొనకండి. అక్టోబరు, నవంబరు వానల్లో ఆ వీధిలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో చూడకుండా అద్దెకు కూడా దిగకండి.

గుడివాడకు ఒక గొప్ప బలం ఉంది, మీ అమ్మానాన్నలు. మీకు జ్వరం వస్తే పిల్లలకు అన్నం పెట్టే చెయ్యి ఉంటుంది. విజయవాడకు రైలుంది, 1950 నుంచి అక్కినేని నాగేశ్వరరావు కాలేజీ ఉంది. మీవారి ఉద్యోగం అటు మారితే గుడివాడే మేలు. ఆయన నాగాయలంకలోనే ఉంటే మాత్రం అల్లుడు ఒక చోట, పిల్లలు ఒక చోట అవుతారు.

ఎటు వెళ్లినా ఒక బడి సంవత్సరం, జూన్ నుంచి ఏప్రిల్ దాకా, అద్దె ఇంట్లో ఉండి చూడండి. నచ్చకపోతే తాళం తిరిగి ఇచ్చి వచ్చేయవచ్చు. అమ్మిన ఎకరం ఆ ధరకు మళ్లీ రాదు.

శనివారం వచ్చి సోమవారం వెళ్లే కాపురం గురించి కూడా ఒక మాట. రెండు పొయ్యిలు వెలిగితే రెండు గ్యాసు బండలు, రెండు కరెంటు బిల్లులు. మీ కుట్టుపని ఖాతాదారులంతా ఊళ్లోనే ఉంటారు, ఆ రాబడి ఆగిపోతుంది. అత్తగారు ఒంటరిగా మిగులుతారు, ఆ బాధ్యత మళ్లీ ఆయన మీదే పడుతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రూపాయల్లో రాసి మీవారి ముందు పెట్టండి. ఆయన లెక్కలు చూసే మనిషి, అంకెలు మాట్లాడితే వింటారు. ఆడపడుచును తప్పుపడుతూ మొదలు పెట్టకండి. చెల్లెలి మాట కొట్టేశారన్న పట్టుదల వస్తే అంకెలు కూడా పనిచేయవు. "వదిన చెప్పింది మన మంచికే, అక్కడ అడ్రసును బట్టి బడి, ఇక్కడ అలా కాదు" అంటే చాలు.

ఇంత పెద్ద ఉత్తరంలో అందరి అభిప్రాయాలూ రాశారు. పాప ఏమంటుందో ఒక్క ముక్క లేదు. బడి మారితే స్నేహితులు మారతారు, పన్నెండేళ్ల వయసులో అది తేలిక కాదు. హైస్కూలు చూడడానికి వెళ్లేటప్పుడు ఆమెనూ తీసుకెళ్లండి. బడులు తెరవకపోయినా హెడ్మాస్టరు ఎవరో, ఎక్కడుంటారో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. లెక్కల పోస్టు నిండి ఉంటే, పాపకు ఇష్టమైతే, బడులు తెరిచే లోపు అవనిగడ్డ బడి నుంచి టీసీ తీసుకోండి. బాబు ఇప్పుడున్న బడిలోనే ఉండనివ్వండి. పాప బస్సు ఖర్చూ ఫీజూ మిగిలితే అందులోంచి నెలకు కొంత ఆమె పేరు మీద పోస్టాఫీసులో వేయండి, టెన్త్ అయ్యాక అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.