ముల్లుగర్ర నీడ: గుర్రపు స్వారీ నేర్చుకునేవారికి ఒక ధమ్మ పాఠం



మన దేశంలో గుర్రమెక్కడం ఉత్త ప్రయాణం కాదు. ఎవరు ఎక్కాలో, ఎవరు దిగి నడవాలో కులమే చెప్పింది. గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కితే ఈనాటికీ దాడులు జరుగుతున్నాయి, పోలీసు కాపలా పెట్టాల్సి వస్తోంది. అందుకే మన పిల్లలు సరదాగానైనా స్వారీ నేర్చుకుంటామంటే మనకు సంతోషం. అయితే జీను ఎక్కడం ఒకటి, స్వారీ నేర్వడం మరొకటి.

బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో రాసిన చాలీస్‌గావ్ సంఘటన గుర్తు చేసుకోండి. 1929లో ఆయన ఆ స్టేషన్‌లో దిగితే, అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. మహర్లు టాంగా ఒక్కటీ అద్దెకు తెచ్చారు. పగ్గాలు పట్టినవాడు మనవాడే, కానీ ఎప్పుడూ టాంగా తోలి ఎరగడు. కల్వర్టు మీద చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. బాబాసాహెబ్ ఎగిరి రాతి నేల మీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రమూ బండీ కిందికి ఏట్లో పడ్డాయి. తోలినవాడి మనసులో ప్రేమకు కొదవ లేదు. లేనిది విద్య. ఆ విద్యను అందకుండా చేసింది కులం. కాబట్టి ఇవాళ అవకాశం దొరికినవాళ్లు దాన్ని సక్రమంగా నేర్చుకోవాలి.

1. ముందు గుర్రాన్ని అర్థం చేసుకోండి

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. పరుగే దాని రక్షణ. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనబడుతుంది. సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక మాత్రం కనబడదు. వెనక నుంచి చప్పుడు చేయకుండా వెళ్తే అందుకే తన్నుతుంది. అది పొగరు కాదు, భయం. చెవులు చూడండి. ఒక చెవి మీ వైపు తిరిగితే మీ మాట వింటోందని. రెండూ వెనక్కి అణిచిపెడితే కోపమో నొప్పో ఉందని. మొండికేసిందని తిట్టే ముందు జీను కింద వీపు ఒరిసిందేమో, డెక్కలో రాయి ఇరుక్కుందేమో చూడాలి.

2. నాలుగు గుర్రాలు

అంగుత్తర నికాయంలో పతోద సుత్తం ఉంది. పతోదం అంటే ముల్లుగర్ర. ఒక గుర్రం ముల్లుగర్ర నీడ చూడగానే కదులుతుంది. రెండోది వెంట్రుకలకు తగిలితే, మూడోది చర్మానికి తగిలితే, నాలుగోది ఎముక దాకా దిగితే కదులుతుంది. గమనించండి, ఈ నాలుగింటినీ బుద్ధుడు మేలుజాతి గుర్రాలనే అన్నాడు. ఇతరుల దుఃఖం విని మేలుకునేవారు కొందరైతే, తన ఒంటి మీదికి వచ్చాక మేలుకునేవారు కొందరని మనుషుల గురించి చెప్పడానికి ఆ పోలిక తెచ్చాడు.

స్వారీ నేర్చుకునేవారికి ఇదే క్రమం పనికొస్తుంది. ప్రతిసారీ నీడతోనే మొదలుపెట్టండి. ముందు మీ కూర్చునే తీరు మార్చండి. కదలకపోతే కాలు తేలిగ్గా ఆనించండి. అప్పటికీ కదలకపోతే కొంచెం నొక్కండి. అడుగు పడిన మరుక్షణం కాలు వదిలేయండి. గుర్రం నేర్చుకునేది మీరు నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. వదలకుండా నొక్కుతూనే ఉంటే దానికి ఏం అర్థమవుతుంది? రోజూ ఎముక దగ్గరే మొదలుపెట్టేవాడు ఎముక భాష తప్ప వినని గుర్రాన్ని తయారుచేసుకుంటాడు.

3. కొండదారికి వెళ్లే ముందు

జీను వేయకముందే తాడు పట్టుకుని నేల మీద నేర్పాలి: పక్కన నడవడం, ఆగమంటే ఆగడం, వెనక్కి అడుగు వేయడం, డెక్క ఎత్తి ఇవ్వడం. దారిలో ఎగిరే ప్లాస్టిక్ కవర్లు, నీటి మడుగులు, చెక్క వంతెనలు ఎదురవుతాయి. బెదిరే వస్తువును దూరం నుంచి చూపించండి. అది బెదరకముందే ఆగండి. మెడ దించి ఊపిరి నెమ్మదించాక వెనక్కి తిప్పేయండి. మళ్లీ ఒక అడుగు దగ్గరికి తీసుకెళ్లండి. ఇది ఒక్క రోజు పని కాదు. మీ కాళ్లు బిగుసుకుంటే, ఊపిరి బిగబడితే జీను కింద దానికి తెలిసిపోతుంది. అక్కడ ఆనాపానసతి పనికొస్తుంది. నిదానంగా ఊపిరి వదలండి. హెల్మెట్ లేకుండా ఎక్కకండి, తెలిసినవాళ్ల తోడు లేకుండా వెళ్లకండి.

4. కేసి చెప్పిన జవాబు

బుద్ధవందనలో "పురిసదమ్మసారథి" అని రోజూ అంటాం. ఇక్కడ "దమ్మ" అంటే ధర్మం కాదు, దమించదగినవాడు, అంటే శిక్షణ ఇవ్వదగినవాడు. కేసి అనే గుర్రాల శిక్షకుణ్ణి బుద్ధుడు అడిగాడు, ఎలా నేర్పుతావని. మెత్తగా, కఠినంగా, రెండూ కలిపి అన్నాడు కేసి. ఎలాగూ లొంగకపోతే? చంపేస్తాను, మా గురువు పేరు చెడకూడదు కదా అన్నాడు. నేనూ మనుషులకు అలాగే నేర్పుతాను, లొంగనివాణ్ణి చంపుతాను అన్నాడు బుద్ధుడు. కేసి నివ్వెరపోయాడు. అప్పుడు అర్థం విప్పాడు: ఇక అతనికి బోధ చేయకుండా విడిచిపెట్టడమే మా దగ్గర చంపడం. అది విని కేసి శరణు పుచ్చుకుని ఉపాసకుడయ్యాడు.

గురువు పరువు కోసం గుర్రాన్ని చంపడం! పరువు పేరుతో ప్రాణాలు తీయడం మనకు తెలియనిది కాదు. గుర్రం ఎంతకీ మాట విననిరోజు దానితో పోట్లాడకండి. అది చేయగలిగిన చిన్న పని ఒకటి అడగండి, చేయగానే మెడ నిమిరి ఆ రోజుకు ముగించండి.

1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 13వది అన్ని ప్రాణుల పట్ల కరుణ చూపి కాపాడతానని. పెళ్లి ఊరేగింపుకు అద్దె గుర్రం తెచ్చినా అది వర్తిస్తుంది. టపాకాయలు దాని కాళ్ల దగ్గర కాల్చనివ్వకండి. తరతరాలు కొరడా కింద బతికినవాళ్లం మనం. పగ్గాలు మన చేతికి వచ్చినప్పుడు దొరల చెయ్యి మనకు రాకూడదు.

అభ్యాసం: ఇంట్లో పిల్లలతో, పనిలో కిందివారితో ఈ వారం మీరు నీడ దగ్గర మొదలుపెట్టారా, ఎముక దగ్గరా? వాళ్లు మాట విన్న వెంటనే ఒత్తిడి వదిలారా? రోజూ రాత్రి చూసుకోండి. ఆదివారం విహారంలో చర్చించండి.