మధ్యాహ్నం కొలత, తెల్లవారుజాము కొలత

నంద్యాల,
మే నెల, ఆదివారం రాత్రి.

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

  నువ్వు పంపిన నోటుబుక్కు పేజీ ఫోటోను మూడు సార్లు పెద్దది చేసి చూసినాను. ఫోనులో చెప్తే సగం నీ చెవిలో, సగం నా నోట్లో మిగిలిపోతుందని కాగితం మీద పెడుతున్నా. ప్రాసెసరుకు వోల్టేజి తగ్గించి చూద్దామని నీకు తోచడం ఒక ఎత్తు. తోచిందాన్ని ఊరికే చేసేసి వదలకుండా నాలుగు సెట్టింగులు వరసగా పెట్టి, కొలిచి, రాసుకోవడం ఇంకో ఎత్తు. నా కంప్యూటరు షాపుకు వచ్చే పిల్లల్లో అట్ల రాసుకునేవాణ్ని నేను ఇద్దరినో ముగ్గురినో చూసినాను. అందుకే నీ పేజీని అంత శ్రద్ధగా చదివినా. అందులో తప్పులు కూడా దొరికినాయి, అవి చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు రాసింది ఇది. రైజెన్ 7 5800ఎక్స్. ఏమీ మార్చకుండా 89 డిగ్రీలు. వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజరులో అన్ని కోర్లకూ మైనస్ 10 పెడితే 84, మైనస్ 20కి 79, మైనస్ 30కి 73. కింద గీత గీసి, "మామా, 16 డిగ్రీలు తగ్గింది, మైనస్ 30 ఖాయం చేసేద్దామా?" అని అడిగినావు.

ఖాయం చేయొద్దు. ఎందుకో నీ పేజీలోనే ఉంది.

ప్రతి కొలత పక్కన నువ్వు టైము వేసినావు చూడు, ఆ అలవాటు నిన్ను కాపాడింది. మొదటిది మధ్యాహ్నం 2:15. రెండోది సాయంత్రం 4:40. మూడోది రాత్రి 9. చివరిది, మైనస్ 30ది, తెల్లవారుజామున 5:10. నీ మిషను ఉన్న మేడ మీది రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం ఎట్లుంటుందో నీకు నేను చెప్పాలా? బయట 44, 45 ఉన్న రోజున ఆ గది 42కు తక్కువ ఉండదు. తెల్లవారుజామున అదే గది 29, 30కి దిగుతుంది. ప్రాసెసరు మీది కూలరు గదిలోని గాలిని తీసుకునే చల్లబరుస్తుంది. ఆ గాలి కంటే చల్లగా చేయడం దాని చేతిలో లేదు. గది 12 డిగ్రీలు తగ్గితే చిప్పు కూడా ఇంచుమించు 12 డిగ్రీలు తగ్గుతుంది, నువ్వు వోల్టేజిని ముట్టుకున్నా ముట్టుకోకపోయినా. నీ 16 డిగ్రీల్లో 12 పొద్దు దిగినందుకు తగ్గినవి. నీ సెట్టింగు వాటా నాలుగే.

ఆ నాలుగు కూడా నిక్కచ్చి అంకె కాదు. 5800ఎక్స్‌కు కంపెనీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరికి రాగానే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నీ మధ్యాహ్నం 89 అట్ల తగ్గించుకున్నాక వచ్చిన 89. కుండ అంచు దాకా నిండి పొర్లిపోయింది, నువ్వు కుండలో మిగిలిన నీళ్ళే కొలిచినావు.

కాబట్టి మొదట ఇది సరిచేయి. క్యాబినెట్టు ముందు గాలి లోపలికి పోయే చోట ఒక థర్మామీటరు పెట్టు. ప్రతిసారీ గది వేడి రాసుకో, చిప్పు వేడి రాసుకో, చిప్పు వేడిలోంచి గది వేడి తీసేయి. ఆ మిగిలేదే నువ్వు పోల్చాల్సిన అంకె. సైన్‌బెంచ్ ఆర్23ని 10 నిమిషాల పరీక్షగానే నడుపు. మొదటి అర నిమిషంలో కనిపించే పెద్ద అంకెను పట్టించుకోకు, చివరి రెండు మూడు నిమిషాల సగటు రాసుకో. నాలుగు సెట్టింగులూ ఒకే పూట కొలువు. తలుపు ఒకసారి తెరిచి ఇంకోసారి మూసి ఉంటే అది కూడా పోలిక కాదు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఇంకొక పని ఉంది. మీ ఇంటికి ఆనుకునే మీ నాన్న, అంటే మా బావ, శిల్పశాల ఉంది. రాయి కోసే మిషను తిరిగినప్పుడల్లా లేచే తెల్ల దుమ్ము నీ కూలరు రేకుల మధ్యకే పోతుంది. పోయినసారి నేను వచ్చినప్పుడు ఫ్యాను విప్పి చూస్తే రేకుల మీద పిండి చల్లినట్టు ఉండె. ముందు ఫ్యాను విప్పి, బ్లోయరుతో దులిపి, పాత పేస్టు తుడిచి కొత్తది రాయి. ఆ పని చేయకుండా వోల్టేజి గురించి మాట్లాడటం, కాలువకు పూడిక తీయకుండా నీళ్ళు చాలడం లేదని అనుకోవడమే. అదే దుమ్ము బావ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. గుడ్డ కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు పెట్టుకోమని నా మాటగా గట్టిగా చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. వోల్టేజి తగ్గిస్తే వేడి ఎందుకు తగ్గుతుందో నీకు తెలుసు, కానీ ఎంత తగ్గుతుందో లెక్క కట్టి చూసుకో. మిగతావన్నీ అట్లే ఉంటే, పని చేసేటప్పుడు ఖర్చయ్యే వాట్లు వోల్టేజి వర్గాన్ని బట్టి మారతాయి. 1.30 వోల్టుల నుంచి 1.20కి దించితే వోల్టేజి తగ్గింది 8 శాతం లోపు, వాట్లు మాత్రం దాదాపు 15 శాతం తగ్గుతాయి. చిప్పు వేడెక్కేకొద్దీ ఊరికే కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి, చల్లబడితే అదొక అదనపు లాభం. నేను షాపు పెట్టిన తొలి రోజుల్లో పెంటియం ఎంఎంఎక్స్‌కు 2.8 వోల్టులు ఇచ్చేవాళ్ళం, అదీ మదర్‌బోర్డు మీద జంపర్లు చేత్తో మార్చి. జంపరు తప్పు చోట పెడితే చిప్పే పోయేది. నీ బోర్డులో వోల్టేజి తక్కువైతే రీస్టార్ట్ అవుతుందే గానీ చిప్పు కాలదు. మరీ తెరుచుకోకపోతే బోర్డు మీది బటన్ బ్యాటరీ తీసి కాసేపాగి పెడితే బయోసు మొదటికి వస్తుంది. భయపడాల్సింది చిప్పు గురించి కాదు, అందులో నడిచే పని గురించి.

నీ పట్టికలో వాట్ల గడి లేదు. అది లేకపోతే ఒక సంగతి తెలియకుండా పోతుంది. కర్వ్ ఆప్టిమైజరులో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. నువ్వు అట్ల మిగిల్చిన దాన్ని చిప్పు దాచిపెట్టదు, ఇంకాస్త వేగంగా పరిగెత్తడానికి వాడుకుంటుంది. తనకున్న 142 వాట్ల హద్దు దాకా మళ్ళీ ఎక్కుతుంది. వేగం కావాలనుకునేవాడికి అది మంచిదే. రేకుల గదిలో మే నెలలో రాత్రంతా విగ్రహాల మోడళ్ళ రెండరింగు నడిపే నీకు కావాల్సింది వేరు. అందుకని వోల్టేజితో పాటు వాట్ల హద్దు కూడా దించాలి. బయోసులో పీపీటీ అని ఉంటుంది. 65 వాట్ల ఎకో మోడు పెడితే ఆ హద్దు 88కి దిగుతుంది. ఒక విగ్రహం రెండరింగు 142 వాట్ల దగ్గర 40 నిమిషాలు, 88 దగ్గర 46 నిమిషాలు పట్టిందనుకో. మొదటి దానికి దాదాపు 95 వాట్-అవర్లు, రెండోదానికి 68 లోపు. ఆరు నిమిషాలు ఆలస్యమైతే నీకు పోయేదేమీ లేదు. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఎక్కువసేపు నిలబడుతుంది, గది కూడా అంత కాగదు. చిప్పు లెక్కలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్యాకేజ్ పవర్ అని ఒక వరస ఉంటుంది, అది రాసుకో.

అదే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అని ఇంకో వరస ఉంది. నీ పేజీలో మైనస్ 20 నుంచి మైనస్ 30కి పోయినప్పుడు మెగాహెర్ట్జ్ పెరిగింది, సైన్‌బెంచ్ స్కోరేమో 15,300 నుంచి 15,050కి పడింది. దాని మీద నీ వేలు పడలేదు. తెల్లవారుజాము చల్లదనానికి స్కోరు పెరగాల్సింది గదా, తగ్గిందంటే ఏంది? చాలినంత వోల్టేజి అందనప్పుడు తప్పు లెక్క చేయకుండా ఉండటానికి చిప్పు తన గడియారాన్ని అక్కడక్కడ సాగదీస్తుంది. చూపించే వేగం అట్లే ఉంటుంది, జరిగే పని తగ్గుతుంది. అందుకే సెట్టింగులు పోల్చేటప్పుడు మెగాహెర్ట్జ్‌ను నమ్మొద్దు. స్కోరును, ఎఫెక్టివ్ క్లాక్‌ను నమ్ము.

ఇక పేజీ అడుగున సన్న అక్షరాలతో రాసిన మాట: "రాత్రి పాటలు పెట్టుకుని పడుకుంటే ఒకసారి రీస్టార్ట్ అయింది, కరెంటు పోయిందేమో." కరెంటు పోతే నీ యూపీఎస్ కూయకుండా ఉంటుందా? అది మైనస్ 30 చేసిన పని. ఎనిమిది కోర్లూ కలిసి బరువు మోసేటప్పుడు చిప్పు నిదానంగా ఒక మధ్యరకం వేగంలో నడుస్తుంది. పాటలు నడిచేటప్పుడు ఒకే ఒక కోరు క్షణంపాటు 4.7 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరి మళ్ళీ పడుకుంటుంది. వోల్టేజి అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది ఆ ఎగురు దగ్గర. బరువు పరీక్షలు గంటలకొద్దీ పాసైన మిషను ఖాళీగా ఉన్నప్పుడు పడిపోయేది ఇందుకే.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాలుగేళ్ళ కిందట పెళ్ళి ఆల్బమ్‌లు డిజైను చేసే అబ్బాయి ఒకడికి మిషను కట్టిచ్చినా. అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టి, అరగంట బరువు పరీక్ష చేసి, "చూడు ఎంత చల్లగా ఉందో" అని చూపించి పంపించినా. వారం తిరక్కుండా వచ్చినాడు, మధ్యలో ఆగిపోతోందని. ర్యామ్ మార్చినా. మళ్ళీ వచ్చినాడు, ఎస్‌ఎంపీఎస్ మార్చినా. మూడోసారి వచ్చినప్పుడు వాడి మొహం చూడలేకపోయినా. రాత్రంతా ఎక్స్‌పోర్టుకు పెట్టిన ఆల్బమ్ తెల్లవారేసరికి లేదు, పెళ్ళివాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. ఆ రోజు కూర్చుని విండోస్ ఈవెంట్ వ్యూయరు తెరిస్తే అందులో వీయా లాగర్ పేరుతో 18వ నంబరు ఎర్ర గుర్తులు బారులు తీరి ఉన్నాయి. మొదటి రోజే చూసి ఉంటే పది నిమిషాల పని. నేను మార్చిన సామాన్ల డబ్బులు తీసుకోలేదు, కానీ వాడి రాత్రి నేను తిరిగి ఇవ్వలేను గదా. అప్పటినుంచి ఏ మిషను ఇచ్చినా వారం ఆగి ఈవెంట్ వ్యూయరు చూస్తా. నువ్వు కూడా చూడు. 18 ఉంటే మిషను పడిపోయింది అని. 19 ఉంటే తప్పు జరిగింది, చిప్పు సరిదిద్దుకుంది అని. 19ని చూసి పర్వాలేదులే అనుకోవద్దు.

అన్ని కోర్లకూ ఒకే అంకె పెట్టడం కూడా మానుకో. క్వారీ నుంచి బండ దిగగానే బావ ఏం చేస్తాడో నువ్వు పుట్టినప్పటినుంచీ చూస్తున్నావు. సుత్తితో నాలుగు చోట్ల తట్టి, చెవి ఒగ్గి వింటాడు. గంటలా మోగిన చోటు ఒకటి, మొద్దుగా పలికిన చోటు ఒకటి. ఒకే బండలో అంత తేడా. మన చిప్పులో ఎనిమిది కోర్లు కూడా అంతే. ఏ రెండు చిప్పులూ ఒకటి కావు, ఒక చిప్పులో ఏ రెండు కోర్లూ ఒకటి కావు. ఎవరో మైనస్ 30 దగ్గర హాయిగా నడుపుతున్నారని నువ్వు పెట్టుకుంటే అది నీ రాయి మోత కాదు. రైజెన్ మాస్టరులో నక్షత్రం గుర్తున్న కోర్లు అన్నిటికంటే మంచివి. వాటినే చిప్పు అన్నిటికంటే పైకి ఎగరేస్తుంది కాబట్టి వాటి దగ్గర మిగులు తక్కువ. వాటికి మైనస్ 5తో మొదలుపెట్టు. మిగతావాటికి మైనస్ 15. ఒక్కో కోరునే విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ అని ఒకటుంది, దాన్ని రాత్రంతా వదులు. పొద్దున ఏ కోరు తప్పిందో చెబుతుంది. పరీక్షలు అయ్యేదాకా ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆపెయ్, లేకపోతే దాని తప్పు కోరు మీద పడుతుంది.

అట్ల ప్రతి కోరుకూ నిలబడే చివరి అంకె దొరికినాక, అక్కడినుంచి ఐదు అంకెలు వెనక్కి రా. కంపెనీవాడు అంత మిగులు ఎందుకు పెట్టినాడో ఆలోచించు. వాడి చిప్పుల్లో అతి బలహీనమైనది కూడా ఎవరి ఇంట్లోనైనా, ఎంత ఎండలోనైనా, నాసిరకం ఎస్‌ఎంపీఎస్ మీదైనా ఏళ్ళకొద్దీ నడవాలి. ఏళ్ళు గడిచేకొద్దీ చిప్పుకు అదే వేగానికి ఇంకాస్త వోల్టేజి కావాల్సి వస్తుంది. నువ్వు మిగులంతా ఈ వేసవిలోనే ఖర్చు పెట్టేస్తే వచ్చే వేసవికి ఏముంటుంది? జనవరిలో కూడా ఒక రాత్రి పరీక్షించు. చల్లగా ఉన్నప్పుడు చిప్పు ఇంకాస్త పైకి ఎగరడానికి చూస్తుంది, ఎండలో పాసైంది చలిలో తప్పడం కూడా ఉంది.

ఇంకో మాట. హైదరాబాదులో నీ స్నేహితుడి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఈ వోల్టేజి సెట్టింగు కనపడలేదన్నావు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. వోల్టేజి దించి చిప్పు చేత తప్పు లెక్కలు చేయించి రహస్యాలు లాగవచ్చని పరిశోధకులు చూపించినారు. దాంతో చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ తలుపు మూసేసినారు. వాడి మిషను చెడిపోలేదని చెప్పు. వోల్టేజి ఎక్కువైనా కీడే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అవసరానికి మించిన వోల్టేజి అడిగి దెబ్బతింటే 2024 ఆగస్టులో మైక్రోకోడు మార్చి, వారంటీని రెండేళ్ళు పెంచాల్సి వచ్చింది.

అహోబిలం మండపం మోడలు ఈ నెలాఖరుకు ఇవ్వాలన్నావు. అది ఇచ్చేదాకా మైనస్ 10, 88 వాట్లు పెట్టి వదిలెయ్. కోరు కోరుకూ చేసే పరీక్షలు ఆ తర్వాత. నిలబడుతుందని తేలని సెట్టింగు మీద డబ్బులు కట్టినవాళ్ళ పని నడపొద్దు.

గోడకు తగిలించే థర్మామీటరు ఒకటి షాపులో ఉండె. రేపు పొద్దున ఆళ్ళగడ్డ బస్సులో పార్సిలు వేస్తున్నా, బస్టాండుకు పోయి తెచ్చుకో. మోడలు ఇచ్చేసినాక నాలుగు కొలతలూ ఒకే పూట తీసి, గది వేడి, వాట్లు, ఎఫెక్టివ్ క్లాక్ మూడు గడులు కొత్తగా గీసి పేజీ పంపు.

ఇట్లు,
మీ మామ