తుంగభద్రా తీరమున ఒక దినము

సిద్దిపేట జిల్లాలోని ధూళిమిట్ట వంటి మెట్టపల్లెలకు చెరువే ఆధారము. నదిని ఆశ్రయించి వెలసిన పట్టణముల చరిత్ర వేరు. దానిని కన్నులార చూడగోరువారు ఉదయమే హైదరాబాదు నుండి సొంత వాహనమున బయలుదేరి, అలంపురమును, కర్నూలును చూచి, రాత్రికి తిరిగి రావచ్చును.

అలంపురము తుంగభద్ర ఎడమ గట్టున ఉన్నది. ఇచ్చటి నవబ్రహ్మాలయములు ఏడవ, ఎనిమిదవ శతాబ్దులలో బాదామి చాళుక్యుల కాలమున వెలసినవి. పేరు బ్రహ్మదే గాని, ఇవన్నియు శివాలయములే.

శ్రీశైలము జలాశయము నిర్మించినప్పుడు, కృష్ణా తుంగభద్రల సంగమమున నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమునకు ముంపు వాటిల్లినది. పురావస్తు శాఖవారు దానిని రాయి రాయి విప్పి, అలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. అలంపురమునకు రక్షణగా కట్ట పోసిరి. గుడి తరలినది, కాని పెక్కు గ్రామములు నీట మునిగి, ప్రజలు పుట్టిన ఊరు విడువవలసి వచ్చెను.

అచ్చటి నుండి నది దాటినచో కర్నూలు. ఇది 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని. పాతకోటలోని కొండారెడ్డి బురుజు నగరము నడుమ నేటికిని నిలిచియున్నది. హంద్రి ఇచ్చటనే తుంగభద్రలో కలియుచున్నది. 2009 అక్టోబరులో వరద పొంగి నగరమును ముంచెత్తెను.

పట్టణములను పెంచిన నదియే ఒక్కొక్కప్పుడు ముంచును. కూడవెల్లి గుడి నేడు మన కంటబడుట కట్టినవారి గొప్పతనము వలననే కాదు, కాపాడినవారి శ్రమ వలనను.