పెన్సిల్ కంటే ముందు చేతికి పని



నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఇంత ఫీజు కడుతున్నాం, నోట్‌బుక్‌లో పేజీలు ఖాళీగా ఉన్నాయేంటి? పక్కింటి పాప అప్పుడే ఏబీసీడీలు రాస్తోంది కదా!” అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు మాంటిస్సోరి పద్ధతిలో ఉంది.

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల వాడలో తన మొదటి బడి తెరిచారు. ఉప్పుకాగితంతో చేసిన అక్షరాలను వేళ్లతో తడిమిన చిన్నపిల్లలు, ఎవరూ బలవంతపెట్టకుండానే సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టారని ఆమె గమనించారు. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండిపోయారు.

తొందర ఎందుకు వద్దు?

మూడు, నాలుగేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఆ వయసులో పేజీలకు పేజీలు రాయిస్తే వేళ్లు నొప్పి పుడతాయి, పెన్సిల్ పట్టు తప్పుగా అలవాటవుతుంది, చదువంటేనే విసుగు వస్తుంది. పైగా మన తెలుగు అక్షరాల్లో గుండ్రటి మలుపులు ఎక్కువ. వాటికి మణికట్టు సులువుగా తిరగాలి.

మెట్టు తర్వాత మెట్టు

1. చేతిపని: గింజలు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి వంపడం. అది చక్కగా వచ్చాకే నీళ్లు వంపడం.
2. వేళ్ల పట్టు: చిన్న పిడి ఉన్న చెక్క దిమ్మెలను మూడు వేళ్లతో పట్టుకుని, సరిపోయే గుంటల్లో పెట్టడం. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ మూడు వేళ్లే.
3. స్పర్శ: ఉప్పుకాగితం అక్షరాన్ని వేలితో దిద్దుతూ దాని శబ్దం పలకడం. పళ్లెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించే మనకు ఇది కొత్తేమీ కాదు. ఇంగ్లిష్‌లో మాత్రం ‘బీ’ అనే పేరు కాకుండా ‘బ్’ అనే శబ్దం ముందు నేర్పుతాం.
4. కూర్పు: విడి అక్షరాలు పేర్చి చిన్న మాటలు తయారుచేయడం.
5. రాత: చివరగా పెన్సిల్.

లెక్కలకూ ఇదే దారి. ఒక పూస, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం. ఇవన్నీ బంగారు రంగులో ఉంటాయి. ప్రొద్దుటూరు పిల్లలకు చెప్పాలా, ఎంత బరువో చేత్తో పట్టి చూస్తారు! ‘వెయ్యి’ అన్న మాట వెనుక ఎంత ఉందో అలా అర్థమవుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• శెనక్కాయలు వొలిపించండి. చీనీకాయ తొక్క మీరు తీసి, తొనలు విడదీసే పని బిడ్డకు ఇవ్వండి. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే ఉండండి.
• చొక్కా గుండీలు తనే పెట్టుకోనివ్వండి. బడికి టైమవుతోందని మీరు పెట్టేయకుండా, పది నిమిషాలు ముందుగా లేపండి.
• ఏ పనైనా ముందు మీరు నెమ్మదిగా, మాట్లాడకుండా ఒకసారి చేసి చూపించండి. తర్వాత తన చేతికి వదిలేయండి.
• నీళ్లు ఒలికితే కోప్పడకండి. చిన్న గుడ్డ ఇవ్వండి. ఒలికిన నీళ్లే తప్పెక్కడో చెబుతాయి, తుడవడం ఇంకో పాఠమవుతుంది.
• ముద్దుకొద్దీ అన్నం కలిపి తినిపించే అవ్వాతాతలకు కూడా ఈ మాట చెప్పండి. తన చేత్తో తినడమూ చదువే.

జాతీయ విద్యావిధానం 2020 కూడా 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా చూస్తూ, ఆటలు, పనుల ద్వారా నేర్పమంటోంది.

అందుకే ఈసారి మీటింగుకు వచ్చినప్పుడు నోట్‌బుక్ ఒక్కటే చూడకండి. “మా బిడ్డ ఈ నెల కొత్తగా తన చేత్తో ఏం చేయగలుగుతోంది?” అని టీచరును అడగండి. ఇంట్లో మీరు గమనించినది కూడా చెప్పండి. తర్వాతి మెట్టు ఎప్పుడు ఎక్కించాలో ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.