సొసైటీకి వెబ్‌సైట్: పెట్టడం ఎలా, నిలుపుకోవడం ఎలా

జకాత్ ఇవ్వదలచిన వ్యాపారి గానీ, కొడుకు ఫీజుకు సాయం అడగాలనుకునే తల్లి గానీ, దుబాయిలోనో దమ్మామ్‌లోనో పనిచేస్తున్న మన ఊరి అబ్బాయి గానీ ఒక సంఘం గురించి తెలుసుకోవాలంటే ఇప్పుడు ముందుగా ఫోన్‌లో వెతుకుతున్నారు. అక్కడ ఏమీ దొరక్కపోతే అనుమానం వస్తుంది. ఎప్పటిదో పాత కార్యవర్గం, పలకని ఫోన్ నంబరు కనిపిస్తే ఆ అనుమానం రెట్టింపవుతుంది. నర్మెట్ట వంటి మండల కేంద్రంలో పనిచేసే చిన్న సొసైటీకి కూడా వెబ్‌సైట్ కావాలా అని అడిగితే మా జవాబు ఒకటే: కావాలి, కానీ దాన్ని ఏటేటా చూసుకునే ఏర్పాటు ఉంటేనే.

వెబ్‌సైట్ తయారు చేయడం కంప్యూటర్ తెలిసిన కుర్రవాడికి కొద్ది రోజుల పని. దాన్ని పదేళ్లు నిలపడం కార్యవర్గం పని. బైతుల్‌మాల్ డబ్బును మనం ఒక్కరి సొంత ఖాతాలో వేయం. సొసైటీ పేరున ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉండేలా చూస్తాం. వెబ్‌సైట్ కూడా అలాంటి అమానతే. దానికీ అదే జాగ్రత్త అవసరమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు ఎవరి పేరున ఉంది?

వెబ్‌సైట్‌కు మూడు భాగాలుంటాయి. ఒకటి పేరు, దీన్ని డొమైన్ అంటారు. రెండోది ఆ సమాచారం ఉండే స్థలం, అంటే హోస్టింగ్. మూడోది మనం అందులో పెట్టే రాతలు, ఫొటోలు, పత్రాలు. స్థలాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రాతల నకలు మన దగ్గర ఉంటే మళ్లీ పెట్టుకోవచ్చు. పేరు పోతే మాత్రం తిరిగి రావడం కష్టం.

డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా అమ్మరు. డాట్ ఆర్గ్ వంటి పేరును ఏడాది నుంచి పదేళ్ల వరకు మాత్రమే ఇస్తారు. గడువు దాటితే తిరిగి కట్టడానికి కంపెనీని బట్టి కొన్ని రోజుల వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే 30 రోజులపాటు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. ఆ తర్వాత అయిదు రోజులకు పేరు అందరికీ అందుబాటులోకి వస్తుంది. అలా వదిలేసిన పేర్లను కొని, వాటిలో జూదం ప్రకటనలు పెట్టేవారున్నారు. మన కరపత్రాల మీద, రసీదు పుస్తకాల మీద అచ్చయిన పేరు నొక్కితే జూదం పేజీ తెరుచుకోవడం కన్నా పెద్ద తలవంపు ఏ సంఘానికీ ఉండదు.

ఇది తరచుగా ఎలా జరుగుతుందో చూడండి. ఉత్సాహం ఉన్న ఒక యువకుడు తన సొంత ఈమెయిల్‌తో, తన సొంత ఫోన్ నంబరుతో సొసైటీకి పేరు కొంటాడు. రెండేళ్లకు ఉద్యోగం మీద సౌదీకి వెళతాడు. ఇక్కడి సిమ్‌కు రీచార్జి ఆగిపోతుంది. తొంభై రోజులు వాడని నంబరును కంపెనీ నిలిపివేయవచ్చు. గడువు దగ్గర పడుతోందన్న సందేశాలు అతను చూడని మెయిల్‌కు వెళతాయి. లోపలికి వెళ్లడానికి కావలసిన ఓటీపీ ఆగిపోయిన నంబరుకు వెళుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సంఘం పని ఒక వ్యక్తి జేబులో ఉండిపోయింది, అంతే.

అందుకని మొదటి రోజే నాలుగు పనులు చేసుకోవాలి. పేరును సొసైటీ రిజిస్టర్డ్ పేరుతోనే కొనాలి. దానికి సొసైటీ ఈమెయిల్‌నే ఇవ్వాలి. ఓటీపీ వచ్చే సిమ్ సొసైటీ ఖర్చుతో, ఊళ్లోనే ఉండే బాధ్యుడి దగ్గర ఉండాలి. పాస్‌వర్డులను కవరులో పెట్టి, సీలు వేసి, మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో భద్రపరచాలి. కార్యవర్గం మారినప్పుడు క్యాష్ బుక్, చెక్ బుక్ అప్పగించినట్టే ఆ కవరునూ అప్పగించి సంతకం తీసుకోవాలి. కొత్తవారు ఆ రోజే పాస్‌వర్డు మార్చుకోవాలి.

డాట్ ఆర్గ్ పేరు 1985 నుంచి ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా కొనవచ్చు, అది ప్రభుత్వ గుర్తింపు కాదు. ఆ పేర్లన్నింటినీ చూసుకునే లాభాపేక్ష లేని సంస్థను 2019 నవంబరులో ఒక పెట్టుబడి కంపెనీకి అమ్మబోతున్నట్టు ప్రకటన వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా సేవా సంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ 2020 ఏప్రిల్ 30న ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. పేరు కొని మరచిపోవడానికి వీల్లేదని ఈ ఉదంతం చెబుతుంది. మన దేశపు డాట్ ఇన్ పేర్లను నిక్సీ అనే సంస్థ చూస్తుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ పేరు కూడా దొరుకుతుంది.

ఏమేం పెట్టాలి?

చిన్న సొసైటీకి ఆరు పేజీలు చాలు. మనం ఎవరం, ఏం చేస్తున్నాం, కార్యవర్గం, సభ్యత్వం, జమాఖర్చులు, సంప్రదించే వివరాలు. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం మొదటి పేజీలోనే ఉండాలి. నియమావళిని పూర్తిగా పెట్టాలి. సభ్యత్వ రుసుము ఎంత, ఎవరు అర్హులు, ఓటు హక్కు ఎప్పుడు వస్తుంది అన్నవి కొత్తవారు అడగకుండానే తెలియాలి. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చులు ఏడాది వారీగా ఉండాలి. ఇదొక్కటీ పెట్టినా వెబ్‌సైట్ ఖర్చు గిట్టుబాటైనట్టే.

మన ప్రాంతానికి సంబంధించి ఒక మెలిక ఉంది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడింది. అంతకు ముందు రిజిస్టరైన సంఘాల కాగితాల మీద వరంగల్ జిల్లా అని ఉంటుంది. తరిగొప్పుల కూడా అప్పుడే వేరే మండలమైంది. దాత పాత సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, వెబ్‌సైట్‌లో మరో జిల్లా చూసి తికమక పడకుండా, రిజిస్ట్రేషన్ నాటి చిరునామా, ఇప్పటి చిరునామా రెండూ రాసి కారణం ఒక వాక్యంలో చెప్పాలి.

తెలుగు, ఉర్దూ

మన పెద్దల్లో ఉర్దూ చదివేవారున్నారు, పిల్లల్లో ఎక్కువమంది తెలుగు చదువుతారు. కనుక రెండు భాషలూ ఉంటే మంచిది. ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలుసుకోవాలి. సావనీర్లు, కరపత్రాలు డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అను ఫాంట్లలో కంపోజ్ అవుతాయి. ఉర్దూ అయితే ఇన్‌పేజ్‌లో. ఆ ఫైలులోని అక్షరాలను నేరుగా వెబ్‌సైట్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, అంకెలు ఒకసారి సరిచూసుకోవాలి.

చాలామంది ఈ తిప్పలు లేకుండా పేజీని ఫొటో తీసి పెట్టేస్తారు. ఫొటోలో ఉన్న రాతను వెతికితే సరిగా దొరకదు. చూపు లేనివారికి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. సిగ్నల్ తక్కువ ఉన్న చోట అది తెరుచుకోదు కూడా.

ఉత్తర అమెరికాలోని తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ఈమాట పత్రిక ఈ విషయంలో మనకు మంచి ఉదాహరణ. అప్పట్లో తెలుగు చదవాలంటే ప్రత్యేకమైన ఫాంట్లు కావలసి వచ్చేది. తర్వాత వారు పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చుకున్నారు. నడిపేవారు స్వచ్ఛంద కార్యకర్తలే, సంపాదకులు మారుతూ వచ్చారు, అయినా మొదటి సంచికలు నేటికీ చదువుకోవచ్చు. అదే కాలంలో జియోసిటీస్ అనే ఉచిత సేవలో పేజీలు పెట్టుకున్నవారి సంగతి వేరు. యాహూ 2009 అక్టోబరులో ఆ సేవను మూసేసింది. నకలు దాచుకోనివారి పేజీలు ఎన్నో పోయాయి. ఉచితంగా దొరికిన చోటును వాడుకోవచ్చు. మన దగ్గర నకలు లేకుండా మాత్రం వాడకూడదు.

విరాళాల పేజీ

జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్‌లోని తౌబా అధ్యాయం 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. సదఖా, సాధారణ విరాళాల పరిధి వేరు. కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బు పంపేవారు అది ఏ పద్దు కిందిదో చెప్పే వీలుండాలి. లేకపోతే జకాత్ సొమ్ము కరెంటు బిల్లుకో భవనం రంగులకో పోయే ప్రమాదం ఉంది. రసీదు మీద కూడా పద్దు పేరు ఉండాలి.

క్యూఆర్ కోడ్ పెట్టినప్పుడు దాని కింద ఖాతాదారు పేరు రాసి, "ఫోన్‌లో ఈ పేరు కనిపిస్తేనే డబ్బు పంపండి" అని చెప్పాలి. వ్యక్తుల సొంత నంబర్లకు విరాళాలు అడగకూడదు. రంజాన్ నెలలో నకిలీ విజ్ఞప్తులు తిరిగినప్పుడు నిజమేదో చూసుకోవడానికి వెబ్‌సైట్ ఒక ఆధారమవుతుంది.

విదేశాల నుంచి వచ్చే డబ్బు విషయంలో చట్టం తెలిసి ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉండి గల్ఫ్‌లో పనిచేసేవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారు మన ఊరివారే అయినా, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా దాన్ని తీసుకోకూడదు. అందుకే విరాళం ఫారంలో పౌరసత్వం అడిగే గడి ఒకటి తప్పనిసరి. ఆదాయపు పన్ను మినహాయింపు మాట కూడా అందుకు కావలసిన నమోదు అమల్లో ఉంటేనే రాయాలి. రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదని పక్కనే చెప్పాలి.

ఏమేం పెట్టకూడదు?

మేము అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇదే. సాయం అందుకున్నవారి ముఖాలు వెబ్‌సైట్‌లో పెట్టకండి.

కుట్టుమిషను అందుకుంటున్న వితంతువు ఫొటో పత్రికలో వస్తే నాలుగు రోజుల్లో మరుగున పడుతుంది. వెబ్‌సైట్‌లో పెట్టినది ఏళ్ల తరబడి ఉంటుంది. రేపు ఆమె కూతురి సంబంధానికి వచ్చినవారు పేరు కొట్టి వెతికితే ఆ ఫొటోయే ముందు వస్తుంది. దానాన్ని బహిరంగంగా ఇవ్వడం మంచిదేనని, గుప్తంగా పేదలకు చేర్చడం మరింత మేలని బఖరా అధ్యాయం 271వ ఆయత్ చెబుతుంది. మనం చేసిన పని దాతలకు చూపించాలన్నది న్యాయమే. అందుకు ముఖాలు అవసరం లేదు. ఎన్ని మిషన్లు కొన్నాం, ఒక్కొక్కటి ఎంత పడింది, ఏయే గ్రామాలకు ఎన్ని వెళ్లాయి అన్న లెక్క పెడితే చాలు. మిషన్ల ఫొటో పెట్టండి, బిల్లు నకలు పెట్టండి.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనుషుల వివరాలు వాడుకోవడానికి వారి సమ్మతిని ప్రధానం చేసింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఆధార్ నంబర్లు బహిరంగపరచడం నిషిద్ధం. సభ్యుల జాబితా పెట్టాలనుకుంటే పేరు, గ్రామం చాలు. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, ముఖ్యంగా మహిళా సభ్యులవి, సొసైటీ రిజిస్టరులోనే ఉండాలి. దరఖాస్తు ఫారాల స్కాన్ కాపీలు వెబ్‌సైట్ స్థలంలో దాచకూడదు.

ఏడాది పొడవునా

సంవత్సరానికి ఒక క్రమం పెట్టుకుంటే నిర్వహణ భారం అనిపించదు. సర్వసభ్య సమావేశం అయిన వారంలోపే కొత్త కార్యవర్గం పేర్లు మార్చాలి. మార్చి 31తో లెక్కలు ముగిసి ఆడిట్ అయ్యాక జమాఖర్చులు ఎక్కించాలి. బడులు తెరిచే జూన్‌కు ముందే స్కాలర్‌షిప్ ప్రకటన పెట్టి, గడువు ముగిశాక తీసేయాలి. రంజాన్‌కు నెల ముందు ఎవరైనా ఒకరు విరాళాల పేజీ నుంచి పది రూపాయలు పంపి, రసీదు వస్తుందో లేదో చూడాలి. డొమైన్ రుసుము గడువుకు రెండు నెలల ముందే కట్టాలి. వీలైతే ఒకేసారి అయిదేళ్లకు కట్టడం మేలు.

నెలకోసారి మొత్తం సమాచారం నకలు తీసి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో, మరొకటి వేరే చోట ఉంచాలి. వర్డ్‌ప్రెస్ వంటివి వాడితే దాని కొత్త రూపాలు వచ్చినప్పుడల్లా అప్‌డేట్ చేయాలి. చేయని సైట్లలోకి దొంగలు తేలిగ్గా చొరబడతారు. సైట్ సురక్షితంగా తెరుచుకోవడానికి కావలసిన సర్టిఫికెట్ ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దానికి విడిగా డబ్బు అడిగేవారిని ఎందుకని అడగండి.

వచ్చే సమావేశంలో ఇలా ఒక తీర్మానం చేసుకోవచ్చు: "సొసైటీ వెబ్‌సైట్ డొమైన్, హోస్టింగ్, ఈమెయిల్, సిమ్ సొసైటీ ఆస్తులు. వీటికి కార్యదర్శి, మరొక సభ్యుడు ఉమ్మడిగా బాధ్యులు. వార్షిక రుసుములను బడ్జెట్‌లో ముందుగా కేటాయించాలి. లబ్ధిదారుల ఫొటోలు, వ్యక్తిగత వివరాలు ప్రచురించరాదు. ప్రతి సర్వసభ్య సమావేశంలో వెబ్‌సైట్ స్థితిపై నివేదిక ఇవ్వాలి."

ఈ అయిదు వాక్యాలు మినిట్స్ పుస్తకంలో చేరి, అందరి సంతకాలు పడ్డాకే పేరు కొనడానికి వెళ్లండి. సొసైటీ మన చేతుల్లో ఉంచిన ప్రతి అమానత్‌ను కాపాడుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.