ఆన్‌లైన్ దూరవిద్యా కోర్సు విలువ తేల్చుకోవడం



ఇంటి దగ్గరే ఉండి చదివే కోర్సులు స్థూలంగా మూడు రకాలు. విశ్వవిద్యాలయం దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చే డిగ్రీ మొదటిది. స్వయం, ఎన్‌పీటెల్ వంటి ప్రభుత్వ వేదికల మీద ఒక్కో సబ్జెక్టుగా చదివి తెచ్చుకునే సర్టిఫికెట్ రెండోది. ప్రైవేటు కంపెనీలు ఉద్యోగ నైపుణ్యాల పేరుతో అమ్మే శిక్షణ మూడోది. మూడో రకానికి డబ్బు కట్టి మొదటి రకం ఫలితం ఆశించినవారే ఎక్కువగా నష్టపోతారు. అందుకే చేతికి వచ్చేది డిగ్రీయా, సర్టిఫికెట్టా, కేవలం శిక్షణేనా అన్నది అన్నిటికన్నా ముందు తేలాలి.

డిగ్రీ అయితే మొదట చూడవలసింది గుర్తింపు. భారతదేశంలో దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020లో తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. ఏ సంస్థకు ఏ కోర్సు నడిపే అనుమతి ఉందో యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. ఆ జాబితాలో సంస్థ పేరు కనబడగానే సరిపోదు. చేరదలచిన కోర్సు పేరు, అది దూరవిద్యా లేక ఆన్‌లైనా అన్న వివరం, చేరే విద్యా సంవత్సరం, జూలై సెషనా జనవరి సెషనా అన్నవి కూడా సరిపోలాలి. పాత విశ్వవిద్యాలయమైనంత మాత్రాన దాని ప్రతి కోర్సుకూ ప్రతి ఏడూ అనుమతి ఉంటుందని అనుకోకూడదు. ఈ పరిశీలన విద్యార్థే స్వయంగా చేసుకోవాలి. అడ్మిషన్లు చేయించే ఏజెంటు చూపించే కాగితం దానికి బదులు కాదు.

కొన్ని చదువులకు దూరవిద్యలో అసలు తావే లేదు. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటి డిగ్రీలనూ, పీహెచ్‌డీనీ ఈ పద్ధతిలో ఇవ్వడానికి వీల్లేదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సరైన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవని సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు చెప్పింది. అప్పటికే ఆ పట్టాలతో ఉద్యోగాలూ పదోన్నతులూ పొందినవారు చిక్కుల్లో పడ్డారు. అనుమతి లేని చదువుకు పెట్టిన ఏళ్లను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. గుర్తింపు విషయంలో ఇంత పట్టుదల అవసరమయ్యేది అందుకే.

గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది. రెండింటికీ తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. కాలేజీకి వెళ్లలేని ఉద్యోగులకు, గృహిణులకు, పల్లెల్లోని యువతకు ఆ చదువు నిజమైన దారి చూపింది. నిబంధనల ప్రకారం పొందిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

గుర్తింపు తేలాక చూడవలసింది ప్రయోజనం. కోరుకునే ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు రెండు మూడు తీసి, విద్యార్హత దగ్గర ఏం రాశారో చదవాలి. పదోన్నతి కోసమైతే శాఖ నియమాలు చూడాలి. విదేశాల్లో పై చదువుకు వెళ్లదలచినవారు ఈ డిగ్రీని ఒప్పుకుంటారా అని అక్కడి విశ్వవిద్యాలయాన్నే అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ప్రైవేటు శిక్షణ విషయంలో సర్టిఫికెట్ కన్నా నేర్చుకున్న పనే ముఖ్యం. కోర్సు ముగిసేసరికి విద్యార్థి సొంతంగా ఏం చేసి చూపగలడు అన్న ప్రశ్నకు సిలబస్‌లో జవాబు దొరకాలి.

తర్వాతది సమయం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టరుకు నాలుగేసి క్రెడిట్ల పేపర్లు ఐదు ఉంటే ఆరు నెలల్లో 600 గంటలు, నెలకు 100 గంటలు, రోజుకు మూడు గంటలకు పైనే. పాఠాలు వినడం, పుస్తకం చదవడం, అసైన్‌మెంట్లు రాయడం అన్నీ ఇందులోనే. ఉద్యోగం, ఇంటి బాధ్యతలు పోగా అన్ని గంటలు మిగలవనుకుంటే తక్కువ పేపర్లున్న డిప్లొమా లేదా ఒకే సబ్జెక్టు కోర్సు మేలు.

బోధన నాణ్యతను చేరకముందే చాలావరకు పసిగట్టవచ్చు. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒక పాఠం చదివితే భాష, స్థాయి తెలిసిపోతాయి. ఇతర సంస్థలనూ నమూనా పాఠం అడగాలి. సందేహాలు తీర్చేది ఎవరు, అసైన్‌మెంట్లు దిద్ది తప్పులు చూపేది ఎవరు, పరీక్షా కేంద్రం ఎంత దూరం అన్నవి తెలుసుకోవాలి. వీడియోలు ఎన్ని గంటలున్నాయన్నది బోధనకు కొలత కాదు. తప్పు రాసినప్పుడు అది ఎందుకు తప్పో చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నదే కొలత.

ఆన్‌లైన్ చదువు ఒంటబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఎన్‌పీటెల్ మంచి అవకాశం. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఆ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. వాటిలో వరుసగా కనీసం 10, 30 రావాలి. ఎనిమిది వారాల కోర్సు ఒకటి గడువు తప్పకుండా పూర్తి చేసినవారు పెద్ద ఫీజు కట్టే ఆలోచన ధైర్యంగా చేయవచ్చు.

చివరిది డబ్బు. ప్రకటనలో కనిపించే ఫీజుకు పరీక్ష ఫీజు, మళ్లీ రాస్తే అయ్యే ఖర్చు, ప్రయాణాలు, సర్టిఫికెట్ ఖర్చు కలిపి లెక్క వేయాలి. మానేస్తే ఎంత తిరిగి వస్తుందో కాగితం మీద ఉండాలి. ప్రైవేటు శిక్షణల్లో సులభ వాయిదాలన్నవి చాలాసార్లు విద్యార్థి పేరు మీద రుణమే. కోర్సు నచ్చక మానేసినా వాయిదా ఆగదు, ఎందుకంటే అప్పిచ్చింది వేరే ఫైనాన్స్ కంపెనీ. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, మొదట్లో కొద్ది గడువులోగా అసలూ అప్పటివరకు అయిన వడ్డీనీ కట్టి, జరిమానా లేకుండా రుణం నుంచి బయటపడవచ్చు. ఆ గడువు ఎన్ని రోజులో సంతకానికి ముందే చూసుకోవాలి. నూరు శాతం ఉద్యోగం అన్న హామీ ఒప్పంద పత్రంలో లేకపోతే దానికి విలువ లేదు.

ఈ వరుసలో గుర్తింపు దగ్గరే డిగ్రీ కోర్సు తప్పిపోతే మిగతావి చూడనక్కర్లేదు. గుర్తింపు ఉండి మరేదైనా తేలకపోతే ఆగడం మంచిది. ఈ రోజే చివరి తేదీ అని ఎవరు తొందరపెట్టినా కంగారు పడనక్కర్లేదు. అడ్మిషన్లు సాధారణంగా జూలైలోనూ జనవరిలోనూ ఉంటాయి. ఆరు నెలలు ఆగి తెలుసుకుని చేరడం వల్ల పోయేది ఏమీ లేదు.