వేలంపాటా? జూదమా? - ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ముందు



కోనసీమలో వేలంపాట అంటే తెలియనివారు ఉండరు. పంచాయతీ చేపల చెరువుకు పాట పెడతారు. కొబ్బరి తోట ఫలసాయానికి పాట పెడతారు. పాడదలచినవారు ముందుగా ధరావతు కడతారు. హెచ్చుపాట పాడినవారి పేర ఖాయం చేస్తారు. తక్కినవారు తమ ధరావతు తాము తీసుకొని ఇంటికి వెళతారు. పాట దక్కలేదన్న బాధ తప్ప వారికి ఒక్క రూపాయి నష్టం లేదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ పాఠమంతా దానిమీదే ఆధారపడి ఉంది.

నేడు ఇదే ‘వేలం’ అన్న మాట సెల్‌ఫోను తెరమీద కూడా కనిపిస్తోంది. ఇరవై వేల ఫోను మూడు వేలకే అంటారు. పేరు నమోదు చేస్తే కారు మీదేనంటారు. కింద చిన్న అక్షరాలతో పొడవైన షరతుల పేజీ ఉంటుంది. దాన్ని చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేస్తాం. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల్లో గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ముతో గడిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఎడారి ఎండలో చెమటోడ్చి పంపిన ఆ సొమ్ము ఇంట్లోవారి చేతుల్లో అమానతు. ఒక్క నొక్కుతో అది ఎక్కడికి పోతోందో తెలుసుకోవడం మన ధార్మిక బాధ్యత.

వేలం ధర్మసమ్మతమే

వస్తువును బహిరంగంగా పాట పెట్టి అమ్మడాన్ని ఇస్లామీయ ధర్మవేత్తలలో అత్యధికులు ధర్మసమ్మతంగానే పరిగణించారు. అయితే అందులో మోసం ఉండకూడదు. కొనే ఉద్దేశం లేకుండా కేవలం ధర పెంచడానికి దొంగపాట పాడటాన్ని ‘నజష్’ అంటారు. దీన్ని దైవప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఫలితం ఏమవుతుందో తెలియని అనిశ్చిత బేరాన్ని ‘గరర్’ అంటారు. దాన్ని కూడా ఆయన (స) నిషేధించినట్లు హజ్రత్ అబూహురైరా (రజి) తెలిపారు (ముస్లిం).

పాట పాటకూ రుసుము

కొన్ని వెబ్‌సైట్లలో వేలం వేరే పద్ధతిలో నడుస్తుంది. పాడే ప్రతిసారీ రుసుము కట్టాలి. ఒక్కో పాటతో ధర కాస్త పెరుగుతుంది, గడువు కొన్ని సెకన్లు పొడిగిస్తారు. చివరగా పాడినవారికే వస్తువు. ఓడినవారికి రుసుము తిరిగి రాదు. 2005లో జర్మనీలో మొదలై తర్వాత ‘స్వూపో’ పేరుతో పలు దేశాలకు విస్తరించిన సంస్థ ఈ పద్ధతికి పేరుపొందింది. అది 2011లో మూతపడింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ ఇలాంటి వేలాలపై వినియోగదారులను హెచ్చరించింది. ఆ పద్ధతి మాత్రం ఆగిపోలేదు.

లెక్క చూద్దాం. ఫోను ఖరీదు 20,000 రూపాయలు. పాటకు రుసుము 10 రూపాయలు, ఒక్కో పాటకు ధర ఒక రూపాయి పెరుగుతుంది అనుకోండి. చివరి ధర 3,000 అంటే 3,000 పాటలు పడ్డాయన్నమాట. రుసుముల రూపంలో సంస్థకు 30,000, ఫోను ధరగా మరో 3,000, మొత్తం 33,000 ముట్టింది. గెలిచిన వ్యక్తి 200 సార్లు పాడి ఉంటే అతనికి ఫోను 5,000కే దక్కింది. మరి మిగతా 28,000 ఎవరివి? ఏమీ దక్కని పరాయివారివి. చౌకగా దొరికిందని సంతోషించే ఆ ఫోను వెనుక అందరి నష్టం ఉంది.

మన ఊరి పాటకూ దీనికీ తేడా ఇదే. అక్కడ ఓడినవాని ధరావతు తిరిగి వస్తుంది, ఇక్కడ ఓడినవాని సొమ్ముతోనే వ్యాపారం నడుస్తుంది. డబ్బు పణంగా పెట్టి, దక్కుతుందో పోతుందో తెలియని స్థితిలో నిలబడటమే జూదం. మద్యంతోపాటు జూదాన్ని కూడా షైతాను పనిగా అల్లాహ్ అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో ప్రకటించాడు. అది మనుషుల మధ్య వైరం రేపుతుందని, దైవస్మరణకు, నమాజుకు దూరం చేస్తుందని హెచ్చరించాడు. సంక్రాంతి కోడిపందెం బరి దగ్గరకు వెళ్ళని మనం, అదే పందేన్ని ఇంట్లో పడకమీద కూర్చుని ఆడవచ్చా?

బహుమతి సొమ్ము ఎక్కడిది?

2007లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ ప్రేక్షకుల పోటీలో సమాధానం పంపడానికి ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2.40 రూపాయలు పడేది. బహుమతి సొమ్ము ఆ ఎస్సెమ్మెస్‌ల రాబడిలోంచే ఇస్తున్నారన్న ఫిర్యాదుపై 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కోటి రూపాయల జరిమానా విధించింది. అలా ఇచ్చారనడానికి తగిన ఆధారం లేదంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. తీర్పు ఏదైనా, అక్కడ తలెత్తిన ప్రశ్న మనకూ ముఖ్యమే. బహుమతి ఎవరి సొమ్ము? పాల్గొన్నవారే కట్టిన సొమ్మయితే అది జూదం. ఏ రుసుమూ లేకుండా, నిర్వాహకుడు తన సొంత సొమ్ములోంచి ఇస్తే అది కానుక లాంటిది.

1992 నుంచి నడుస్తున్న అబూదాబీ ‘బిగ్ టికెట్’ డ్రా గురించి కొందరు “అది ముస్లిం దేశంలోదే కదా!” అంటారు. టికెట్టు కొని అదృష్టం కోసం ఎదురుచూడటం ఏ దేశంలో జరిగినా లాటరీయే. దేశం పేరుతో హరామ్ హలాల్ అయిపోదు. పైగా లాటరీ టికెట్ల కోసం మన దేశం నుంచి విదేశాలకు సొమ్ము పంపడాన్ని విదేశీ మారకద్రవ్య నియమాలు (2000) నిషేధిస్తున్నాయి.

షరతుల పేజీలో వెతకవలసినవి

1. కట్టిన సొమ్ము తిరిగి ఇస్తారా? ‘ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు లేదు’ అని ఉంటే అక్కడే ఆగిపోండి.
2. ఉచితమని మొదలుపెట్టి, నెలనెలా కార్డునుంచి సొమ్ము కోసే షరతు ఉందా?
3. బహుమతిని మార్చే, రద్దుచేసే అధికారం సంస్థ తన దగ్గరే ఉంచుకుందా?
4. మీ ఫోను నంబరు, చిరునామా ‘భాగస్వాములకు’ ఇస్తామని రాశారా?
5. తగాదా వస్తే ఏ దేశపు కోర్టుకు వెళ్ళాలి?

చందా వలలోకి లాగడం, చెప్పని ఖర్చులను చివర్లో కలపడం వంటి 13 రకాల మాయపద్ధతులను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధ చట్టం చేసింది.

‘మనం ఒప్పుకున్నాం కదా!’

ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ ఆదేశించిన మాట నిజమే (అల్ మాయిదా: 1). కానీ దైవగ్రంథంలో లేని షరతులు వంద పెట్టినా అవి చెల్లవని హజ్రత్ బరీరా (రజి) విడుదల సందర్భంలో దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (బుఖారీ, ముస్లిం). కనుక ‘సరే’ అన్నంత మాత్రాన జూదం వ్యాపారమైపోదు.

అల్ బఖరా 282వ ఆయతును కూడా గమనించండి. అప్పు పత్రాన్ని అప్పు తీర్చవలసినవాడే చెప్పి రాయించాలని, అతనికి ఆ శక్తి లేకపోతే సంరక్షకుడు న్యాయంగా చెప్పాలని అల్లాహ్ ఆదేశించాడు. భారం మోసేవాడికే తన భారం తెలియాలన్నది ఇందులోని వివేకం. వెబ్‌సైట్లలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. రాసేది తీసుకునేవాడు, చదవకుండా ఒప్పుకునేది ఇచ్చేవాడు!

చిక్కుకున్నవారు ఏం చేయాలి?

మొదట ఆపండి, తౌబా చేయండి. జూదమాడుదాం రమ్మని తోటివాడిని పిలిచినవాడు సదఖా ఇవ్వాలని హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). పిలుపుకే ఇంత ఉంటే ఆటకు ఎంత ఉండాలి! గెలిచిన సొమ్ము చేతిలో ఉంటే దాన్ని వాడుకోకండి. హక్కుదారులు తెలిస్తే తిరిగి ఇవ్వండి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలని ధర్మవేత్తలు చెబుతారు. మీ విషయంలో సందేహముంటే మీ ఊరి ఆలిమ్‌ను అడగండి.

‘మీకు లాటరీ తగిలింది, పన్ను ముందుగా కట్టండి’ అని ఎవరైనా అడిగితే అది దోపిడీయే. సొమ్ము పోతే సిగ్గుపడి దాచకండి. భర్తకో, కొడుకుకో తెలిస్తే తిడతారని మౌనంగా ఉంటే మోసగాడికే మేలు. వెంటనే 1930కి ఫోను చేయండి. వస్తువు, చందా విషయంలో ఫిర్యాదులకు 1915 ఉంది. ఇంటి పెద్దలు కూడా కోపాన్ని అణచుకొని, పొరపాటు చేసినవారికి అండగా నిలవాలి.

ధనాన్ని ఎలా సంపాదించావు, దేనికి ఖర్చుచేశావు అని ప్రళయదినాన ప్రతి దాసుణ్ణీ ప్రశ్నించడం జరుగుతుంది (తిర్మిజీ). ఆనాడు ‘షరతులు చదవలేదు’ అన్న సాకు మనల్ని కాపాడుతుందా?

అల్లాహ్ మనకు హలాల్ సంపాదనలో శుభాన్ని, దానితో తృప్తిని ప్రసాదించుగాక! హరామ్‌ను గుర్తించి దూరంగా ఉండే సద్బుద్ధిని అనుగ్రహించుగాక! ఆమీన్.